మడవ మీద ఒక్క చెయ్యి

నేను కామారెడ్డి జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతున్న రోజుల్లో నా అద్దె గదిలో కాలు పెట్టడానికి చోటుండేది కాదు. గోడ నుంచి గోడ దాకా గ్రాఫు కాగితాలే. ఒకదాని అంచుకు ఒకటి మైదా జిగురుతో అంటించి, చిన్న చిన్న గళ్లలో నీలం పెన్సిలుతో రంగు నింపేదాన్ని. కొన్ని గళ్లు నీలం, కొన్ని తెలుపు. ఇంటావిడ బస్టాండు దగ్గర గాజుల దుకాణం నడిపే ముస్లిం పెద్దావిడ. ఖాలా అని పిలిచేదాన్ని. ఒకరోజు గుమ్మంలో నిలబడి కాసేపు చూసి, "మస్తుగున్నది టీచరమ్మా, కసీదా డిజైనా? చాదర్ మీద కుడతవా?" అని అడిగింది. కాదు, పిహెచ్‌డీ అన్నాను. "ఏదైతేంది, నాకొక కాపీ ఇయ్యి. మా కోడలు కుడతది," అంది. నా పరిశోధనను మెచ్చుకున్న మొదటి మనిషి ఆమే. మా గైడు మెచ్చుకోవడానికి ఇంకో ఆరేళ్లు పట్టింది.

విషయం పేరు పెద్దది, సంగతి చిన్నది. గళ్ల కాగితాన్ని వాలుగా ఉన్న పొలం అనుకోండి. ఒక్కో గడి ఒక్కో మడి. ప్రతి మడి గట్టుకు కింది వైపు రెండు మడవలు, అంటే నీళ్లు కింది మళ్లలోకి దిగడానికి కొట్టిన గండ్లు. మడవ తెరిచి ఉంటే నీళ్లు దిగుతాయి, మూసి ఉంటే దిగవు. పైనుంచి నీళ్లు వదిలితే అడుగు వరస దాకా చేరతాయా, మధ్యలోనే చచ్చిపోతాయా అన్నదే ప్రశ్న. నీళ్లు కిందికే పోతాయి, వెనక్కి రావు. ఒక వరసలో ఒక్క మడీ తడవకపోతే అక్కడితో కథ ముగిసినట్టే. కింద నీళ్లు మళ్లీ తమంతట తాము పుట్టవు.

వందలో యాభై మడవలు తెరిచి ఉంటే నీళ్లు నాలుగు వరసలు దిగి ఆగిపోతాయి. ఎనభై తెరిచి ఉంటే కాగితం అంతా నీలం. ఈ రెంటి మధ్యా ఒక అంకె ఉంది. ఆ గీతకు ఇటువైపు పొలం ఎండిపోతుంది, అటువైపు తడిసిపోతుంది. నీరు మంచుగా మారడం లాంటి మార్పే ఇది కూడా. ఆ గీతను మన తెలుగు పుస్తకాల్లో సందిగ్ధ బిందువు అంటారు. ఆ పేరు నాకు చాలా ఇష్టం. నా కాగితాల మీద అది అరవై నాలుగుకూ అరవై ఐదుకూ నడుమ ఎక్కడో ఉండేది. అక్కడ నీళ్లు పోతున్నట్టే పోయి, ముప్పై వరసలు నమ్మించి, ముప్పై ఒకటో వరసలో మాయమయ్యేవి.

ఏ మడవ తెరవాలో ఏది మూయాలో నా ఇష్టానికి నిర్ణయించకూడదు. అందుకు నా దగ్గర కంప్యూటరు లేదు. యూనివర్సిటీ కంప్యూటరు హైదరాబాదులో ఉండేది, దాని దగ్గర నా వంతు నెలకొకసారి వచ్చేది. అందుకని కాలేజీ ఆఫీసులో మూలన పడి ఉన్న పాత టెలిఫోను డైరెక్టరీని అడిగి తెచ్చుకున్నాను. ఒక్కో ఫోను నంబరులో చివరి రెండంకెలు చూడాలి. అరవై నాలుగు కన్నా తక్కువైతే మడవ తెరిచినట్టు, లేకపోతే మూసినట్టు. ముక్కూ మొహం తెలియని హైదరాబాదు వాళ్లంతా నా పొలానికి అలా నీళ్లు కట్టారు. వాళ్లకు ఆ సంగతి తెలియదు.

నాకు పొగరెక్కువని మా అక్క అనేది. ఒప్పుకుంటాను. పిట్లం దగ్గర పల్లెలో పుట్టి, ఇంట్లో పదో తరగతి దాటిన మొదటి ఆడపిల్లనై, లెక్కలో ఎవరికీ తలవంచకుండా అంత దూరం వచ్చినదాన్ని. పొగరు లేకపోతే వచ్చేదాన్నా?

అక్క నాకన్నా ఎనిమిదేళ్లు పెద్దది. ఆమెను ఎల్లారెడ్డి దగ్గర పల్లెకిచ్చారు. ఎనభైల నడిమి రోజులవి. బావ మస్కట్ పోయి ఏడాదిన్నర దాటింది, అక్కడ పని కుదురుకోలేదు. అక్క ఇద్దరు పిల్లలతో, రెండెకరాల పొలంతో ఇక్కడ ఉంది. ఊరి చెరువు కింద ముప్పై వరసల మళ్లుంటే ఆమెవి అట్టడుగు వరసల్లోని అయిదు మళ్లు. వాళ్ల ఏడాది తిండి ఆ అయిదు మళ్లలోనిదే. వానాకాలం పంట ఆ ఏడు సగం కూడా చేతికి రాలేదు, కాబట్టి రెండో పంట, యాసంగి, పండకపోతే ఇంట్లో గింజ ఉండదు. ఆదివారాలు నేను బస్సెక్కి, లింగంపేట దాటాక దిగి నడిచి వెళ్లేదాన్ని. పోగానే తిట్టేది, తిట్టాక అన్నం పెట్టేది.

చెరువు సగమే నిండిన ఏడు ఆ ఊళ్లో ఒక పద్ధతి ఉంది. యాసంగికి ముందు రైతులంతా తూము దగ్గర కూర్చుని, ఈసారి ఎన్ని మళ్లకు నీళ్లివ్వాలో ఖరారు చేసుకుంటారు. దాన్ని తైబందీ అంటారు, నిజాం కాలం నుంచి వస్తున్న మాట. దాంతోపాటు ఇంకో కట్టుబాటు. తైబందీ ఖరారైన రోజు నుంచి కోతల దాకా మడవను నీరటి ఒక్కడే ముట్టాలి. నీరటి అంటే ఊరి నీళ్లు కట్టే మనిషి. పొలం ఎవరిదైనా సరే, పటేలుదైనా సరే, తన మడవను తాను తెరవకూడదు, మూయకూడదు. ముట్టినవాడికి ఆ విడత నీళ్ల వంతు పోతుంది. నాకది వట్టి పాతకాలపు పెత్తనంలా కనిపించేది.

ఆ ఏటి తైబందీకి నేను కూడా పోయాను. ఆడవాళ్లు ఎవరూ రాలేదు, అక్క తప్ప. ఆమె ఇంట్లో మగమనిషి లేడు కాబట్టి వచ్చింది. పెద్దమనుషులు ఎక్కువసేపు మాట్లాడలేదు. పదిహేను వరసల దాకా నీళ్లు, ఆ కింద బీడు. అక్క పొలం బీడు అన్నమాట. ఆమె కొంగు భుజం మీదికి లాక్కుంది. నాకు ఒళ్లు మండింది.

"చెరువుల నీళ్లు ముప్పై వరసలకు చాలవా తాతా?" అని నీరటిని సూటిగా అడిగాను. అరవై దాటిన మనిషి, బక్కగా పొడుగ్గా ఉంటాడు. కుడి మోకాలు వాచి ఉంది.

"పొదుపుగ కడితే చాలుతయి బిడ్డా. నీళ్లున్నయి. కాళ్లే లేవు," అన్నాడు. ముప్పై వరసలు రోజూ దిగి ఎక్కే శక్తి తనకిక లేదని, పదిహేను దాటితే తనవల్ల కాదని చెప్పాడు. కొడుకులు బొంబాయిలో ఉన్నారు. వేరే నీరటి లేడు.

అంటే అక్క పొలం బీడు పడేది నీళ్లు లేక కాదు, ఒక ముసలాయన మోకాలి వల్ల. ఇంత చిన్న చిక్కుకు నా దగ్గర విరుగుడు సిద్ధంగా ఉందని అక్కడికక్కడే తోచింది. లేచి నిలబడి, కర్రపుల్లతో మట్టిలో గళ్లు గీశాను. ఎవరి మడవలు వాళ్లే చూసుకోవాలి. ప్రతి మడవ మూడు రోజుల్లో రెండు రోజులు తెరిచి ఉండాలి, ఒక రోజు మూసి ఉండాలి. ఏ మడవ ఏ రోజు మూయాలో నేను చీటీ రాసి ఇస్తాను. మూసిన రోజు ఆ మడిలో నీళ్లు నిలుస్తాయి, తెరిచిన రోజుల్లో కిందికి దిగుతాయి. మూడింట రెండంటే వందకు అరవై ఆరు. గీతకు కొంచెం పైన. ఏ రోజు చూసినా తూము నుంచి అడుగు మడి దాకా ఏదో ఒక దారి తెరిచే ఉంటుంది. చుక్క వృథా కాదు. మా గైడుకు కూడా అంత బాగా ఎప్పుడూ చెప్పలేదు నేను.

"నమ్మకమేనా?" అని ఒక పెద్దాయన అడిగాడు.

"నూటికి నూరు పాళ్లు," అన్నాను. అప్పటికి నాకు ఇరవై తొమ్మిదేళ్లు.

నీరటి తాత గళ్లను శ్రద్ధగా చూశాడు. ఎగతాళి చేయలేదు. "లెక్క మంచిగనే ఉన్నట్టున్నది. గని చేతులెక్కువైతయి బిడ్డా. మడవ మీద ఒక్క చెయ్యే ఉండాలె," అన్నాడు. ఎందుకని అడిగితే సరిగ్గా చెప్పలేకపోయాడు. "గట్లనే ఉండాలె," అన్నాడు. ఎందుకో చెప్పలేని మాటను నేను లెక్కలోకి తీసుకోను. అప్పటికి నా పద్ధతి అది.

ఊరు నా మాట విన్నది. నిజానికి అందరికీ తమ మడవ మీద తమ చెయ్యి ఉండటం నచ్చింది. ఆ రాత్రికి అక్క నాకు కోడికూర వండింది. మరుసటి వారం కాలేజీ సైక్లోస్టైల్ మిషను మీద చీటీలు తీసి ఇంటింటికీ పంచాను. మూసే రోజులకు ఎర్ర గీత, తెరిచే రోజులకు నీలం గీత. చాలామంది వాటిని గుమ్మాల మీద అంటించుకున్నారు.

మొదటి నెల అంతా అనుకున్నట్టే నడిచింది. నాట్లు పడ్డాయి. నేను పోయినప్పుడల్లా అడుగు వరసలో అక్క మళ్లు బొటనవేలు మునిగేంత నీళ్లతో ఉండేవి. పచ్చగా లేచిన ఆ మళ్లను చూస్తుంటే నా కాగితం నిజమై కాళ్ల కింద పరుచుకున్నట్టుండేది. చెప్పుకోవడానికి సిగ్గెందుకు, గర్వపడ్డాను. కాలేజీలో సహోద్యోగులతో, గాజుల దుకాణంలో ఖాలాతో, హైదరాబాదులో గైడుతో, అందరితో చెప్పాను. గైడు మాత్రం, "నువ్వు గీతకు మరీ దగ్గరగా నడుస్తున్నావు," అన్నాడు. దగ్గరగా నడిస్తేనే నీళ్లు మిగులుతాయని జవాబిచ్చాను.

రెండో నెల చివర పడమటి గాలి మొదలైంది. ఎండ ముదిరింది. పరీక్ష పేపర్లు దిద్దే పని పడి రెండు ఆదివారాలు ఊరికి పోలేదు. మూడో ఆదివారం పోయేసరికి అక్క గట్టు మీద కూర్చుని ఉంది. నన్ను తిట్టలేదు. అందుకే భయం వేసింది.

అయిదు మళ్లలో మూడు నెర్రెలు విచ్చాయి. చెయ్యి పెడితే దిగేంత వెడల్పు. వరి పొట్టకొచ్చే సమయం అది, నీళ్లు కావలసిందే అప్పుడు. ఆకులు చుట్టుకుని సూదుల్లా నిలబడ్డాయి. మిగిలిన రెండు మళ్లలో బురద మీద పొర కట్టింది.

"ఎన్ని రోజులాయె?" అని అడిగాను.

"పది రోజులు."

"నాకు కబురెందుకు పెట్టలేదు?"

"నీ లెక్క తప్పదంటివి గద చెల్లె. రేపొస్తయి, రేపొస్తయి అని చూసిన," అంది.

చదువుకున్న చెల్లెలి మాట మీద నమ్మకంతో పది రోజులు తన పంట ఎండుతుంటే చూస్తూ కూర్చుంది.

నేను అడుగు నుంచి పైకి నడిచాను, ఒక్కో మడవా లెక్కపెడుతూ. ఆ రోజు నీలం గీత ఉన్న మడవలు తెరిచి ఉండాలి. ఇరవై ఎనిమిదో వరస మూసి ఉంది. ఇరవై ఐదు, మూసి ఉంది. ఇరవై నుంచి పద్నాలుగు దాకా ఒక్కటీ తెరిచి లేదు. గడ్డి కుక్కి, పైన మట్టి మెత్తి, కాలితో తొక్కి గట్టి చేశారు. కాలి ముద్రలు కనిపిస్తున్నాయి. పద్నాలుగో వరస రైతు తన మడి గట్టు మీదే ఉన్నాడు. ఆయన మడిలో కూడా అరికాలు తడిసేంత నీళ్లే ఉన్నాయి.

"ఎందుకు మూసినవ్ అన్నా? ఇయ్యాల నీది నీలం గీత గద," అన్నాను.

ఆయన తప్పు చేసినవాడిలా తల దించుకోలేదు. "మీదికెల్లి నీళ్లు సన్నగైనయ్. ఉన్నయి గూడ కిందికి పోతే నా పొలం గతేంది? అయినా నేనొక్కన్ని మూస్తే ఏమైతది టీచరమ్మా? మూడిట్ల ఒకటి మూసినా నీళ్లు పోతయని నువ్వే చెప్పినవ్ గద," అన్నాడు.

ఆయన నా లెక్కనే నాకు అప్పజెప్పాడు.

ఒక్కొక్కరినే అడుగుతూ పోతే జరిగింది తెలిసింది. గాలి తిరిగాక ముందు మూసింది ఈయనే. అది చూసి పక్కమడి ఆయన మూశాడు. కింద నీళ్లు తగ్గేసరికి కింది వాళ్లు, వచ్చిన కాసిన్ని పోకుండా తామూ మూశారు. కిందివాళ్లు మూయడం చూసి, ఏదో కరువు ముంచుకొచ్చిందని పైవాళ్లు కూడా మూశారు. నాలుగు రోజుల్లో ఊరంతా మూసేసింది. పై వరసల్లో నీళ్లు పోయే దారి లేక గట్లు తెగి వాగు పాలయ్యాయి, నడిమి వరసలకు చాలలేదు, అడుగుకు అసలు రాలేదు. ఒక్కరు కూడా అక్క మీద పగతో చేయలేదు. ప్రతివాడూ తన మడి ఒక్కటే కాపాడుకున్నాడు.

నా టెలిఫోను డైరెక్టరీలోని నంబర్లు పక్క నంబరును చూసి భయపడవు. నేను కట్టిన లెక్కలో అరవై ఆరు ఎప్పటికీ అరవై ఆరే. ఇక్కడ ఆ అంకె నీళ్లను చూస్తూ ఉంది. నీళ్లు తగ్గితే తానూ తగ్గింది, తాను తగ్గేసరికి నీళ్లు ఇంకా తగ్గాయి. గీతకు కొంచెం పైన నిలబెట్టానని మురిసిపోయాను గానీ, నా కాళ్ల కింద గీతే జరిగిపోతుందని అనుకోలేదు.

అక్కడి నుంచి నేరుగా నీరటి తాత ఇంటికి పోయాను. అక్క నా వెనకే వచ్చింది. ఆయన వాకిట్లో కూర్చుని జనుముతో తాడు పేనుతున్నాడు. క్షమించమని అడగాలనుకున్నాను. మొహం చెల్లక, "చేతులెక్కువైనయి తాతా," అని మాత్రం అన్నాను.

"మల్ల! భయం గూడ నీళ్లలెక్కనే పారుతది బిడ్డా. గని నీళ్లు కిందికే పోతయి, భయం కిందికీ పోతది, మీదికీ పోతది," అన్నాడు. తైబందీ రోజు చెప్పలేకపోయిన జవాబు అదే. రెండు నెలలుగా తాడు పేనుతూ ఆలోచించినట్టున్నాడు. "నీరటి మూసిండంటే వంతు కోసం మూసిండనుకుంటరు. పక్కోడు మూసిండంటే నీళ్లు ఒడిసినయ్, ఇగ రావు అనుకుంటరు."

ఇప్పుడేం చేయాలని అడిగాను. అలా అడగడం నాకు అలవాటు లేని పని.

ఆయన తాడు పక్కన పెట్టాడు. ముందు మడవలన్నీ మూయాలి, ఒక్కటి వదలకుండా. తూము కింద నీళ్లు నిండుగా నిలవాలి. ఆ తర్వాత తూము నుంచి అడుగు దాకా ఒక్క దారి, ముప్పై మడవలు, అవి మాత్రమే తెరవాలి. పక్క మళ్లు ఆగాలి. ఆ ఒక్క దారి పూర్తిగా నానితే, అప్పుడు అడుగు నుంచి మొదలుపెట్టి ఒక్కో వరస పక్కలకు తెరుచుకుంటూ పైకి రావాలి. ఎండిన నేల తాగినంత తడిసిన నేల తాగదు. నడిచే నీళ్లను నడిపించడానికి కావలసిన దానికన్నా, చచ్చిన దారిని లేపడానికి రెండింతలు కావాలి. "నడుస్తున్నప్పుడే నాకిచ్చి ఉంటే సగం నీళ్లతోటే సరిపోతుండె," అన్నాడు. అందులో నిష్ఠూరం లేదు, ఉన్నమాట చెప్పాడు.

తర్వాత అక్క వైపు చూశాడు. "బిడ్డా, నెర్రెలిచ్చిన మూడు మళ్లను ఇడిసిపెట్టు. వాటికి పోస్తే ఇవి గూడ దక్కయి."

అక్క నేల చూపులు చూసింది. నేను ఏడ్చేశాను. ఆమె ఏడవలేదు. "సరే తాతా. ఆ రెండన్న దక్కియ్యి," అంది.

"నా కాళ్లు పదిహేను దాకనే."

"ఆ కిందికి నేను నడుస్త. నువ్వు తూము కాడ ఉండి చెప్పు. ఏది మూయమంటే అది మూస్త, ఏది తెరవమంటే అది తెరుస్త."

పట్టా ఉన్న ఇంటి కోడలు, మొగుడు దేశంలో లేని ఆడమనిషి, నీరటి పార భుజాన వేసుకుని ఊరి పొలాల్లో తిరగడమంటే ఏమంటారో ముసలాయనకు తెలుసు, ఆమెకూ తెలుసు. ఆయన లేచి లోపలికి పోయి పార తెచ్చి ఆమె చేతికిచ్చాడు. పిడి ఆయన చెయ్యి రాసి రాసి నున్నగా ఉంది. "ఒక్కటే మాట. నీ మడవ గూడ నీ ఇష్టంతోటి ముట్టొద్దు," అన్నాడు.

ఆ సాయంత్రమే తూము దగ్గర మళ్లీ కూర్చున్నారు. ఒప్పించడానికి నేను ఏ లెక్కా చెప్పలేదు. ఎవరి మడీ బాగా లేదు కాబట్టి అందరూ ఒప్పుకున్నారు. నా చీటీలు ఒకాయన గుమ్మం నుంచి చింపి తెచ్చి నా చేతిలో పెట్టాడు, మర్యాదగానే. ఆడమనిషి చేతికి పార ఏంటని ఒకరిద్దరు గొణిగారు. "ఆమెది అట్టడుగు పొలం. మీదున్నయన్ని తెరిస్తేనే ఆమెకు నీళ్లు. ఆమెకన్న బాగ చూసేటోళ్లెవరు?" అని నీరటి తాత అడిగాడు. నా మూడేళ్ల కాగితాల్లో ఆ సంగతి ఎక్కడా లేదు.

రెండు మళ్లు దక్కాయి. మూడు మళ్లను అక్క పశువుల మేతకు కోసింది. కొడవలి పట్టి నేనూ కోశాను. వేళ్లు కోసుకున్నాను, పట్టించుకోలేదు ఎవరూ. ఆ ఏడు వాళ్లు మూడు నెలలు మక్క గటక, అంటే మొక్కజొన్న సంకటి, తిని వెళ్లదీశారు. నేను కామారెడ్డి నుంచి బియ్యం తీసుకుపోతే సగం తీసుకుని సగం తిప్పి పంపింది. ఎందుకని అడిగితే, "నీ లెక్కకు శిక్ష నువ్వు ఏసుకోకు, నేనేస్త," అని నవ్వింది. నవ్వింది గానీ తిప్పి పంపింది.

నేను కాగితాలు కొత్తగా పరిచాను. ఈసారి నియమం మార్చాను. పై వరసలో తడిసిన గళ్లు తక్కువైతే కింది మడవలు తెరుచుకునే అవకాశం తగ్గించాను. టెలిఫోను డైరెక్టరీ మొదటి పేజీ నుంచి మళ్లీ మొదలైంది. చూస్తే, పాత కాగితాల మీద నీలం పలచబడుతూ పలచబడుతూ పోయేది. ఇప్పుడలా కాదు. నిండుగా, నిండుగా, నిండుగా ఉండి, ఒక చోట తెగిపోయింది. పలచబడటమనేదే లేదు. ఆగిపోయిన దాన్ని మళ్లీ నడిపించాలంటే అంకెను పాత గీతకన్నా ఎంతో పైకి లేపాల్సి వచ్చింది. నీరటి తాత చెప్పిన రెండింతల మాట నా గ్రాఫులో గీతై నిలబడింది. హైదరాబాదులో కంప్యూటరు మీద నెలల తరబడి సరిచూశాను. అదే వచ్చింది. గైడు కళ్లజోడు తీసి తుడుచుకుని, "ఇది బాగుంది," అన్నాడు. ఆరేళ్లకు.

లెక్క తప్పలేదని నేను ఇప్పటికీ అంటాను. తప్పింది, అది ఎవరి పొలం లెక్క అన్నది. నేను హైదరాబాదు ఫోను నంబర్ల పొలానికి లెక్క కట్టి, మా అక్క పొలానికి అమర్చాను. ఆ తేడా తెలిశాక నా పొగరు కొంచెం తగ్గిందేమో గానీ పోలేదు. పోకూడదు కూడా. ఆ పొగరే లేకపోతే రెండోసారి కాగితాలు పరిచేదాన్ని కాదు.

తొంభైలు వచ్చాయి. నీరటి తాత పోయాడు. బావ తిరిగొచ్చి, ఎల్లారెడ్డిలో మోటార్లు బాగుచేసే షాపు పెట్టాడు. పై వరసల వాళ్లు బోర్లు వేసుకున్నారు. అయినా చెరువు సగం నిండిన ఏడు తైబందీ ఆగలేదు, పార అక్క చేతి నుంచి పోలేదు. గొణిగినవాళ్లే ఆమెను నీరటక్క అని పిలిచేవారు.

నా సిద్ధాంత గ్రంథం బైండు చేయించి వచ్చిన వారం, అట్ట మీద బంగారు అక్షరాలతో ఉన్న ఒక ప్రతి తీసుకుని ఊరికి పోయాను. అక్క ఇంట్లో లేదని చెబితే పొలానికి నడిచాను. పొద్దున ఎండలో పార భుజాన వేసుకుని వరసలు దిగుతోంది. పుస్తకం చూపించాను. చేతులు చూపింది, మోచేతుల దాకా బురద. "నువ్వే పట్టుకో, ఇంటికి పోయినంక చూస్త," అంది. మొదటి పేజీలో ఏం రాశావని అడిగింది. నీ పేరు, నీరటి తాత పేరు అని చెప్పాను. ఆమె నడక కాసేపు నెమ్మదైంది.

పద్నాలుగో వరస దగ్గర ఒక మడవలో గడ్డి దుబ్బు అడ్డం పడి నీళ్లు ఆగుతున్నాయి. పుస్తకం చంకలో ఇరికించుకుని, తీసేద్దామని వంగాను.

"ముట్టకు," అంది అక్క.

"గడ్డి అడ్డమొచ్చిందే, గంతే."

"ఏదొచ్చినా సరే. నువ్వు ముట్టకు చెల్లె."

గొంతులో కోపం లేదు. పిల్లవాణ్ణి పొయ్యి దగ్గరకు పోవద్దన్నట్టు చెప్పింది. నేను వంగినదాన్ని అలాగే ఉండిపోయాను. ఆమె వచ్చి, పార కొసతో దుబ్బును గట్టు మీదికి లాగేసి, నీళ్లు దిగడం చూసి, కింది వరసకు నడిచింది. నేను లేచి, తడవని చేతులతో ఆమె వెనకే నడిచాను.